బెల్ మీడ్ గుర్రాల ఎస్టేట్‌ను ఆయిల్ రంగుల్లో వేయడం ఎలా: ఒక్క రాతి రంగుతో మొదలుపెడదాం

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, నాష్‌విల్ నగరానికి నైరుతి వైపు బెల్ మీడ్ అనే పాత గుర్రాల ఎస్టేట్ ఉంది. 1807లో జాన్ హార్డింగ్ అక్కడ 250 ఎకరాలు కొన్నప్పుడు ఉన్నది ఒక దుంగల ఇల్లు మాత్రమే. ఆయన కొడుకు విలియం గైల్స్ హార్డింగ్ కాలానికి అది పెరుగుతూ పోయింది. ఒక దశలో 5,400 ఎకరాలకు చేరింది. ఇప్పుడు మనకు కనిపించే పెద్ద బంగళా 1853 నాటిది. అక్కడ పెంచినవి థరోబ్రెడ్ జాతి పందెపు గుర్రాలు. 1881లో ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ డర్బీ గెలిచిన ఇరొక్వా అనే గుర్రం, అమెరికాలో పుట్టి ఆ పందెం గెలిచిన మొట్టమొదటి గుర్రం, తర్వాత బెల్ మీడ్‌కే వచ్చింది.

ఇలాంటి చోటును బొమ్మ వేయాలనుకోగానే మనసులో మెదిలేది తెల్లటి స్తంభాలు, పచ్చటి గడ్డి, నాలుగు గుర్రాలు. అలా వేస్తే క్యాలెండర్ బొమ్మ వస్తుంది. నేను మొదట వేసింది అలాంటిదే. ఇల్లు ఒకచోట, గడ్డి ఒకచోట, గుర్రాలు ఒకచోట, వేరు వేరు బొమ్మలు కత్తిరించి అంటించినట్టు ఉండేది. దాన్ని సరిచేసుకోవడానికి నాకు దొరికిన దారి అక్కడి రాయి. ఆ నేల కింద ఉన్నది సున్నపురాయి. బంగళా ముందున్న ఆరు చదరపు స్తంభాలు ఆ ఎస్టేట్‌లోనే తవ్వి తీసిన సున్నపురాయితో చేసినవి. పొలాల గోడలకు పేర్చినదీ ఆ రాయే. అక్కడి నీళ్ళలో, గడ్డిలో ఉండే సున్నం వల్లే తమ గుర్రాల ఎముకలు గట్టిపడతాయని టెనెసీ, కెంటకీ పెంపకందారులు తరతరాలుగా చెబుతారు. ఇల్లు, గోడ, మేత, గుర్రం అన్నీ ఒక రాయి మీద నిలబడి ఉన్నాయి కాబట్టి బొమ్మను కూడా ఆ రాతి రంగు మీదే నిలబెడదాం.

ఆ రంగు చూడటానికి నాష్‌విల్ దాకా వెళ్ళక్కర్లేదు. మీ ఇంట్లో తాండూరు బండలో బేతంచెర్ల బండలో పరిచి ఉంటే అవీ సున్నపురాళ్ళే. ఒక బండ మీద కాస్త నీళ్ళు చల్లి, కిటికీ వెలుగులో చూడండి. తడిచిన చోట నీలం కలిసిన ముదురు బూడిద, ఆరిన చోట పాలిపోయిన బూడిద, ఎండ తగిలిన అంచున లేత పసుపు జీర. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి.

కావలసినవి

18×24 అంగుళాల కాన్వాస్. రంగులు ఆరు చాలు: టైటానియం వైట్, లెమన్ యెల్లో, యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామెరీన్ బ్లూ. నలుపు వద్దు. ట్యూబులో దొరికే రెడీమేడ్ ఆకుపచ్చ అసలే వద్దు, ఎందుకో గడ్డి దగ్గర చెబుతాను. బల్లపరుపు కుంచెలు పెద్దది ఒకటి, మధ్యరకం రెండు, సన్నని గుండ్రటి కుంచె ఒకటి, ఒక పాలెట్ నైఫ్, టర్పెంటైన్, లిన్సీడ్ ఆయిల్, పాత గుడ్డలు.

ఒక జాగ్రత్త. లిన్సీడ్ ఆయిల్ అంటిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డలు వాటంతట అవే అంటుకోవచ్చు. మన ఎండాకాలంలో ఇది ఇంకా ప్రమాదం. నీళ్ళు పోసిన మూత డబ్బాలో వేయండి. కిటికీలు తెరిచి పని చేయండి.

అక్రిలిక్‌తోనూ ఇదంతా చేయొచ్చు, టర్పెంటైన్, నూనె బదులు నీళ్ళు వాడాలి. కాకపోతే అవి నిమిషాల్లో ఆరిపోతాయి కాబట్టి ఆకాశాన్ని, గడ్డిని ముక్కలు ముక్కలుగా కాకుండా ఒక్క దఫాలో ముగించాలి.

మొదటి మెట్టు: ఏ కాలం, ఏ వేళ

బెల్ మీడ్ ఇప్పుడు మ్యూజియం. మిగిలింది దాదాపు 30 ఎకరాలు. చుట్టూ ఇళ్ళు, రోడ్లు వచ్చేశాయి. కాబట్టి మీరు వేస్తున్నది నేటి బెల్ మీడా, 1880ల నాటి బెల్ మీడా ముందే తేల్చుకోండి. నేను రెండోదే తీసుకుంటాను. అప్పుడు కార్లు, కరెంటు తీగలు, సిమెంటు దారులు తీసేయాలి. గుర్రాలను, మనుషులను తిరిగి తీసుకురావాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. గుర్రాల ఫార్మ్ అనగానే మైళ్ళ కొద్దీ తెల్ల రంగు వేసిన చెక్క కంచె గీసేస్తారు. అది కెంటకీలోని లెక్సింగ్టన్ దగ్గర కాల్యుమెట్ ఫార్మ్ గుర్తు, ఆ ఫార్మ్ పెట్టిందే 1924లో. 19వ శతాబ్దపు టెనెసీకి నప్పేవి రాతి గోడలు, రెడ్ సీడార్ దుంగలు చీల్చి వంకర టింకరగా పేర్చిన కంచెలు. ఆ కంచెకు గుంజలుండవు, ఒక దుంగ కొస మరో దుంగ కొస మీద ఆనుకుని నిలబడుతుంది. రంగు వేయని సీడార్ కొన్నేళ్ళకు వెండి బూడిదకు తిరుగుతుంది. అంటే అదీ మన రాతి రంగుకు దగ్గరి చుట్టమే.

వేళ విషయానికొస్తే, వసంతం చివర ఉదయం. పొద్దెక్కాక నీడలు కురచైపోయి నేల ఎత్తుపల్లాలు మాయమవుతాయి. ఆ ప్రాంతపు అందమంతా మెత్తగా లేచి పడే ఆ నేలలోనే ఉంది, దాన్ని చూపించేది పక్క నుంచి పడే వెలుగు.

వెళ్ళగలిగితే మీరే ఫోటోలు తీసుకోండి. ఫోన్‌తో దగ్గర నుంచి తీస్తే స్తంభాలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలతాయి. వెనక్కి నడిచి, రెండింతలు జూమ్ చేసి తీయండి. వెళ్ళలేనివాళ్ళు స్వేచ్ఛగా వాడుకోనిచ్చే ఫోటోలు నాలుగైదు తీసుకుని, వాటిని కలిపి సొంత దృశ్యం అల్లుకోవాలి. ఒకే ఫోటోను ఉన్నదున్నట్టు దింపేయకండి. అది వేరొకరి చూపు.

రెండో మెట్టు: అగ్గిపెట్టంత స్కెచ్‌లు

పెన్సిల్‌తో చిన్న చిన్న స్కెచ్‌లు ఆరైనా వేయండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు. వెలుగు, నడిమి, చీకటి, ఈ మూడు స్థాయిలే వాడండి. ఇల్లు మధ్యలో పెట్టకండి, పెద్దదిగా కూడా పెట్టకండి. కాన్వాస్ వెడల్పులో ఆరో వంతు చాలు, కుడి పక్కకి, చెట్ల మధ్య సగం దాగి. ముందు భాగం ఎడమ మూల నుంచి రాతి గోడ బయలుదేరి, ఒక వంపు తిరిగి, ఇంటి వైపు సన్నబడుతూ పోవాలి. మధ్యలో ఒక గేటు సందు. చూసేవాళ్ళ కన్ను ఆ గోడ వెంట నడుస్తుంది, సందు దగ్గర ఆగుతుంది, ఆ తర్వాతే ఇల్లు చేరుతుంది. ఆ సందు దగ్గర ఎవరుండాలో తర్వాత చెబుతాను, ప్రస్తుతానికి ఖాళీ వదలండి.

మూడో మెట్టు: తల్లి బూడిద

పాలెట్ మీద అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా ఇంచుమించు సమంగా కలపండి. దాదాపు నల్లటి రంగు వస్తుంది. అందులో కొద్దిగా తెలుపు కలిపి చూస్తే అసలు రంగు బయటపడుతుంది. నీలం ఎక్కువైతే తడి బండలా, సియెన్నా ఎక్కువైతే మట్టిలా ఉంటుంది. మీ బండతో పోల్చుకుంటూ సరిచేయండి. ముదురు, నడిమి, లేత, మూడు కుప్పలు నిమ్మకాయంత నిమ్మకాయంత చేసి పెట్టుకోండి. లేతదాంట్లో చిటికెడు యెల్లో ఓకర్ వేయండి.

ఇక నుంచి ఆకాశానికైనా, గడ్డికైనా, గుర్రానికైనా ఏ రంగు కలిపినా ఈ కుప్పల్లో ఒకదాని నుంచి కొంచెం చేరాలి. పులుసులో ఉప్పు వేసినంత. విడిగా తెలియదు, లేకపోతే తెలుస్తుంది.

నాలుగో మెట్టు: గీతలు

బర్న్ట్ సియెన్నాను టర్పెంటైన్‌తో బాగా పలుచన చేసి కాన్వాస్ అంతా గుడ్డతో పులమండి. తెల్ల కాన్వాస్ మీద ప్రతి రంగూ ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. ఈ ఎర్రమట్టి పూత మీద అయితే బూడిదలు, పచ్చలు నిజంగా ఎలా ఉన్నాయో తెలుస్తాయి.

ముందు కంటి ఎత్తు గీత గీయండి, కింది నుంచి మూడో వంతు దగ్గర. ఇది చాలా ముఖ్యం, గుర్రాల దగ్గర మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇంటి ముందు ఆరు స్తంభాల మధ్య సందులు సమానమే. పక్క నుంచి చూసినప్పుడు మాత్రం దూరం పోయేకొద్దీ సందులు తగ్గుతాయి. అంచనాగా గీస్తే ఎప్పుడూ తప్పుతుంది. వసారా మొత్తాన్ని ఒక నలుచదరపు డబ్బా ముఖంలా గీసి, మూల నుంచి మూలకు రెండు అడ్డ గీతలు కలపండి. అవి కలిసే చోటే వసారా అసలు మధ్యబిందువు. అటు మూడు స్తంభాలు, ఇటు మూడు. అవి గుండ్రటివి కావు, చదరపువి. కాబట్టి ఒక్కోదానికి వెలుగు పడే ముఖం ఒకటి, నీడ ముఖం ఒకటి ఉంటాయి. మధ్యలో మెల్లగా మారే రంగు ఉండదు. ఈ ఒక్కటి సరిగ్గా వస్తే ఇల్లు బెల్ మీడ్‌లా కనిపిస్తుంది.

ఐదో మెట్టు: చీకట్లు, ఆకాశం, దూరం

చెట్ల నీడలు, వసారా లోపలి చీకటి, గోడ నీడ వైపు, ఇవన్నీ ముదురు బూడిదతో పలుచగా, పెద్ద కుంచెతో నింపేయండి. ఈ పొరలో టర్పెంటైన్ ఎక్కువ, నూనె తక్కువ ఉండాలి. పై పొరలకు పోయేకొద్దీ నూనె పెంచాలి. తలకిందులుగా చేస్తే పై పొర ముందే ఆరి, కింది పొర కదిలినప్పుడు పగుళ్ళు వస్తాయి.

టెనెసీ గాలిలో తేమ ఎక్కువ. అందుకే నెత్తి మీద నీలంగా ఉన్న ఆకాశం కిందికి వచ్చేకొద్దీ పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. కోస్తా జిల్లాల్లో ఉదయం పూట చూసిన ఆకాశం గుర్తు చేసుకుంటే చాలు. దూరపు గుట్టలకు లేత బూడిదలో కొంచెం నీలం, అంతే. వాటి మీద ఆకులు గీయకండి.

చెట్లలో మాత్రం రెండింటిని పట్టించుకోండి. రెడ్ సీడార్ సున్నపు నేలను ఇష్టపడే చెట్టు. ముదురు రంగులో, కొస తేలి, గుడి గోపురంలా నిలువుగా ఉంటుంది. వాగు ఒడ్డున పెరిగే సికమోర్ బెరడు ఊడి కొమ్మలు తెల్లగా మెరుస్తాయి. బెల్ మీడ్ పక్క నుంచి రిచ్‌లాండ్ క్రీక్ అనే వాగు పోతుంది. ఆ దిక్కున రెండు తెల్ల కొమ్మలు తళుక్కుమంటే నీళ్ళు గీయకుండానే వాగు ఉందని తెలిసిపోతుంది.

ఆరో మెట్టు: గడ్డి

అక్కడి పచ్చిక పేరు బ్లూగ్రాస్ అయినా అది నీలంగా ఉండదు. కోయకుండా వదిలితే వెన్ను తీసినప్పుడు మాత్రం పైన ఊదా నీలపు పొగ పరిచినట్టు ఉంటుంది.

ట్యూబు ఆకుపచ్చ వద్దన్నది ఇందుకే. అది ప్రతి గజంలోనూ ఒకే పచ్చగా ఉండి నేలను తివాచీగా మార్చేస్తుంది. లెమన్ యెల్లో, అల్ట్రామెరీన్ కలపండి, బూడిద చేర్చండి. దూరం గడ్డికి బూడిద ఎక్కువ, తెలుపు కొంచెం. నడుమ ఓకర్. దగ్గరికి వచ్చేకొద్దీ పసుపు, అక్కడక్కడ బర్న్ట్ సియెన్నా. కుంచెను నేల వాలును బట్టి తిప్పండి. గుట్ట ఎటు ఒరిగితే కుంచె అటే జారాలి. ఒక్కో గడ్డి పోచ గీయాల్సిన చోటు గోడ మొదట్లో రెండు చేతుల వెడల్పు మాత్రమే.

ఏడో మెట్టు: ఇల్లు

ఇల్లు ఇటుకల మీద గచ్చు పూసినది. దానికి అచ్చమైన తెలుపు వాడొద్దు. లేత బూడిదలో తెలుపు, ఒక చుక్క ఓకర్. నీడ ముఖాలకు నడిమి బూడిదలో కాస్త అలిజరిన్, నీలం. గడ్డి మీద పడిన వెలుగు పైకి కొట్టుకుని వసారా పైకప్పు అడుగున సన్నని పచ్చ జీర వేస్తుంది, అది మరిచిపోవద్దు. అమెరికా అంతర్యుద్ధంలో, 1864 డిసెంబరులో నాష్‌విల్ యుద్ధం జరిగినప్పుడు ఈ ఇంటి ముందు పచ్చిక మీదా కాల్పులు జరిగాయి. తూటాల గాట్లు ఆ స్తంభాల మీద ఇప్పటికీ ఉన్నాయి. మన దూరం నుంచి అవి కనిపించవు. కానీ స్తంభాల అంచులు మరీ స్కేలుతో గీసినట్టు కాకుండా ఒకటి రెండు చోట్ల కుంచె తడబడనివ్వండి, బాగుంటుంది.

ఎనిమిదో మెట్టు: గోడ

నాకు ఈ బొమ్మలో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది. ఒక సిటింగ్ మొత్తం దీనికే ఇవ్వండి.

సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా, రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ. పొలంలో తేలిన పలక రాళ్ళు ఏరి, ప్రతి రాయీ కింద రెండు రాళ్ళ సందు మీద కూర్చునేలా పేర్చారు. పేర్చినవాళ్ళు ఆ ఎస్టేట్‌లో బానిసలుగా బతికిన నల్లజాతి మనుషులు. 1860 నాటికి బెల్ మీడ్‌లో వందమందికి పైగా అలా ఉన్నారు. స్తంభాల రాయికి, గోడ రాయికి తేడా చెక్కడంలోనే ఉంది. అందుకే ఆ స్తంభాలకు ఎంత ఓపిక పెట్టారో గోడకు అంతకు మించి పెట్టమంటాను.

ముందు గోడ మొత్తాన్ని ముదురు బూడిదతో ఒకే ముద్దగా వేయండి. రాళ్ళు గీయకండి. అది కాస్త జిగురెక్కాక నడిమి బూడిదను పాలెట్ నైఫ్ అంచుతో అడ్డంగా, కురచగా అద్దండి. అద్దిన ప్రతి ముద్దా ఒక రాయి, అద్దని సందే చీకటి సందు. కొన్ని నీలం వైపు, కొన్ని ఓకర్ వైపు, ఒకటి రెండు గులాబీ వైపు జరగనివ్వండి. చివరగా లేత బూడిద, పైవరస రాళ్ళ నెత్తిన మాత్రమే. ఉదయపు ఎండ పడేది అక్కడే. దగ్గర రాళ్ళు అరచేతిలో పట్టేలా తెలియాలి. దూరం పోయేకొద్దీ రాళ్ళు కలిసిపోయి గోడ ఒక చారగా మిగలాలి. ప్రతి రాయి చుట్టూ నల్ల గీత గీస్తే గోడ తాబేలు వీపులా అయిపోతుంది.

తొమ్మిదో మెట్టు: గుర్రాలు

గుర్రం ఎత్తును వీపు మొదట్లో, మెడ ముగిసే మూపు దగ్గర కొలుస్తారు. కొలత పేరు హ్యాండ్, అంటే 4 అంగుళాలు. థరోబ్రెడ్ సుమారు 16 హ్యాండ్లు, అంటే 64 అంగుళాలు. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు కూడా ఇంచుమించు అంతే. దీనివల్ల మనకో గొప్ప సులువు దొరుకుతుంది. నేల సమంగా ఉన్నంతవరకు, గుర్రం పది గజాల్లో ఉన్నా వంద గజాల్లో ఉన్నా దాని మూపు మనం గీసుకున్న కంటి ఎత్తు గీతకే తగులుతుంది. గిట్టలు మాత్రం దూరాన్ని బట్టి పైకి కిందికి జరుగుతాయి. గుర్రం పల్లంలో ఉంటే మూపు గీత కిందికి, మిట్ట మీద ఉంటే గీత పైకి. ఈ లెక్క తెలిసిన రోజు నుంచి నా గుర్రాలు గాల్లో తేలడం ఆగిపోయింది.

శరీరం కొలతలు: తల పొడవుకు రెండున్నర రెట్లు ఎత్తు, భుజం ముందు నుంచి పిరుదు చివరి వరకు పొడవు కూడా దాదాపు అంతే. అంటే గుర్రం మొండెం, కాళ్ళు కలిపి ఒక చదరంలో ఇముడుతాయి. పిల్లకు మాత్రం ఈ చదరం కుదరదు, కాళ్ళు దాదాపు తల్లి కాళ్ళంత పొడవు, మొండెం కురచ. మేస్తున్న గుర్రం ఒక ముందు కాలు ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి నిలబడుతుంది. ముందు కాళ్ళు రెండూ జతగా గీస్తే బొమ్మ గుర్రమే అవుతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు ఒక మంచి అవకాశం ఉంది. మలక్‌పేట రేస్‌కోర్సులో పరిగెత్తేవి ఈ జాతి గుర్రాలే. పందెం రోజున గ్యాలరీలో కూర్చుని, పందేనికి ముందు నడిపించే గుర్రాలను స్కెచ్ చేసుకోండి. మెడ ఎక్కడ ముగిసి భుజం ఎక్కడ మొదలవుతుందో ఫోటోలో తెలియదు, కదిలే గుర్రంలో తెలుస్తుంది.

ఈ బొమ్మకు మూడు చాలు. తల్లీ పిల్లా దగ్గరగా, విడిగా దూరంగా ఇంకొకటి. బే రంగు (ఎర్ర గోధుమ ఒళ్ళు, నల్లటి జూలు, తోక) గుర్రానికి ఒళ్ళు బర్న్ట్ సియెన్నాలో బూడిద, జూలు, తోక, మోకాళ్ళ కింద ముదురు బూడిద. వీపు మీద ఆకాశం మెరుస్తుంది, అక్కడ లేత నీలి బూడిద ఒకే ఒక్క గీటు. పొట్ట కింద గడ్డి పచ్చ. దూరపు గుర్రానికి మూడు మచ్చలు మించొద్దు. కళ్ళు, ముక్కు రంధ్రాలు గీయాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి.

పదో మెట్టు: గేటు దగ్గర మనిషి

ఇప్పుడు ఆ సందు దగ్గరికి వద్దాం. బెల్ మీడ్ గుర్రాలను తెలిసినవాడు బాబ్ గ్రీన్. చిన్నతనంలోనే ఆ ఎస్టేట్‌లో బానిసగా పెరిగాడు. గుర్రాల పనిలో ఆరితేరి, విముక్తి వచ్చాక అక్కడే జీతం మీద గుర్రపు శాలల పెద్దగా చేశాడు. అప్పటి కొనుగోలుదారుల్లో ఆయన పరిజ్ఞానానికి ఎంతో పేరు. అమెరికా దక్షిణాది గుర్రాల బొమ్మలకు పేరుపడ్డ స్విట్జర్లాండ్ జన్మస్థుడు ఎడ్వర్డ్ ట్రాయ్ కూడా తన బొమ్మల్లో నల్లజాతి శిక్షకులను, జాకీలను గుర్రాల పక్కన నిలబెట్టాడు. వాళ్ళు లేకుండా ఆ లోకాన్ని బొమ్మ కట్టడం కుదరదు.

మనిషిని అంగుళంన్నర ఎత్తు మించకుండా వేయండి. కంటి ఎత్తు గీత ఆయన కళ్ళ మీదుగా పోవాలి, అంటే చూసేవాళ్ళతో సమానంగా నిలబడతాడు. మొహం వివరాలు వద్దు, నిలబడిన తీరు ముఖ్యం. బరువు ఒక కాలి మీద, ఒక చెయ్యి గోడ మీద, చూపు తల్లి గుర్రం వైపు. చర్మానికి బర్న్ట్ సియెన్నా, అలిజరిన్, ముదురు బూడిద. ఎండ తగిలే చెంపకు ఓకర్. చొక్కాకు లేత బూడిదలో తెలుపు. బొమ్మ మొత్తంలో అన్నిటికన్నా వెలుతురైన మచ్చ ఇదే కావాలి, ఇంటి స్తంభాల కన్నా ఒక పిసరు ఎక్కువ. తర్వాత నాలుగడుగులు వెనక్కి వెళ్ళి కళ్ళు సగం మూసి చూడండి. ముందు ఇల్లు కనిపిస్తే స్తంభాల మీద పలుచగా నడిమి బూడిద రుద్ది తగ్గించండి.

ముగింపు పనులు

బొమ్మను గోడకు తిప్పి ఒక వారం వదిలేయండి. తిరిగి చూసినప్పుడు ఎక్కడైనా రంగు విడిగా అరుస్తుంటే అక్కడ తల్లి బూడిద తక్కువైందని అర్థం. కొంచెం అద్దండి. ఇంటి అంచులు, దూరపు చెట్ల అంచులు పొడి కుంచెతో మెత్తబరచండి. గోడ దగ్గరి అంచులు, మనిషి భుజం అంచు పదునుగానే ఉంచండి.

ఆయిల్ పొర పైకి ఆరినట్టున్నా లోపల ఆరడానికి నెలలు పడుతుంది. వార్నిష్ ఆరు నెలల లోపు వేయకండి, గోడకు నైఫ్‌తో మందంగా రంగు పెట్టారు కాబట్టి ఏడాది ఆగితే ఇంకా మంచిది. కాన్వాస్ వెనక పెన్సిల్‌తో బొమ్మ వేసిన తేదీ, బెల్ మీడ్ పేరు రాయండి. గేటు దగ్గర నిలబడ్డది ఎవరో కూడా రాసి ఉంచండి.